స్కూటరు ఇంజను ఊపిరిబలము: ఇంటివద్ద పరీక్షించు విధము



ఉప్పల్, నాచారం, మల్లాపూర్ ప్రాంతములలో మొదటి షిఫ్టునకు బయలుదేరు మనిషికి స్కూటరు విలాసవస్తువు కాదు, కాలుసేతుల వంటిది. అది యొక ఉదయమున పదిసార్లు తన్నినను పలుకకపోయినచో ఆనాటి హాజరు పోవును. వారము దినములుగా పికప్ తగ్గి, ఇద్దరెక్కినచో వంతెన ఎత్తున రొప్పుచున్నదనుకొందము. మెకానిక్కు రెండుసార్లు కిక్కు కొట్టి చూచి, "ఇంజను పనికొచ్చింది" అనును. ఈ రెండు మాటలు విన్న యజమాని ముఖము వెలవెలబోవుట సహజము. వాని వెనుక సిలిండరు బోరింగు, క్రొత్త పిస్టను, రింగులు, గాస్కెట్లు, రెండుమూడు దినముల కూలి వరుసగా నిలిచియుండును. చీటీ పాడిన సొమ్మో, పిల్లల బడిఫీజుకై దాచిన సొమ్మో అందులో కరగిపోవును.

ఆ మాట నిజము కావచ్చును, కాకపోవచ్చును. నిజమో కాదో ఇంజను విప్పకముందే, అరగంటలో, చాలవరకు తెలిసికొనుటకు ఒక పరీక్ష కలదు. మెకానిక్కులు దానిని కంప్రెషను చూచుట యందురు. పాఠ్యపుస్తకములలో సంపీడన పరీక్ష యని వ్రాయుదురు. పానా పట్టుట తెలిసి, గడియారపు ముల్లు చదువగలిగిన యెవరైనను తమ వాకిటనే దీనిని చేసికొనవచ్చును. అయినను ఉద్యోగస్థులలో చాలమంది దీని పేరైన విన్నవారు కారనుట అతిశయోక్తి కానేరదు.

మొదట గాలిని అదుముట యెందులకో తెలియవలెను. సైకిలు పంపు కొట్టిన ప్రతి పిల్లవాడును ఈ శాస్త్రమును సగము నేర్చినవాడే. పంపు చివర వ్రేలితో మూసి కడ్డీని లోపలికి నెట్టినచో గాలి ఎదురుతిరుగును. నాలుగైదుసార్లు వేగముగా కొట్టినచో పంపు అడుగుభాగము వెచ్చబడును. లోపలి తోలు వాషరు ఎండి ముడుచుకొన్ననాడు ఎంత కొట్టినను చేతికి బరువు తెలియదు, ట్యూబులో గాలి నిండదు. ఇంజనులో పిస్టను ఆ కడ్డీ వంటిది; పిస్టను రింగులు ఆ తోలు వాషరు వంటివి. భేదమొక్కటే. పంపులో అదిమిన గాలి బయటికి పోవును. ఇంజనులో గాలియు పెట్రోలు ఆవిరియు కలిసి పైభాగమున ఇరుకైన గదిలో అణగియుండగా ప్లగ్గు నిప్పురవ్వ నిచ్చును. ఎంత గట్టిగా అణగియున్న అంత గట్టిగా అది పిస్టనును వెనుకకు తన్నును.

ఈ సంగతి మానవునకు వెంటనే తోచినది కాదు. 1860లో పారిసు నగరమున లెనువార్ అనునాతడు నిర్మించిన గ్యాసు ఇంజనులో అదుముట యనునది లేనే లేదు. గ్యాసును, గాలిని లోపలికి పీల్చి, ఉన్నదున్నట్లే అంటించెడివాడు. అది తిరిగెను గాని, గ్యాసును విపరీతముగా మ్రింగి, ఇచ్చిన బలము మాత్రము స్వల్పము. అంటించుటకు ముందు అదుమవలెనని 1862లో బో ద రోషా అను ఫ్రెంచి ఇంజనీరు కాగితముపై వ్రాసెను. దానిని చేతలలో సాధించి చూపినవాడు జర్మనీ దేశస్థుడైన నికొలస్ ఆటో. అది 1876వ సంవత్సరము. పీల్చుట, అదుముట, మండుట, వెడలగొట్టుట అను నాలుగు స్ట్రోకుల క్రమము నాటినుండి నేటివరకు మారలేదు. తరువాత డ్యూగాల్డ్ క్లర్క్ రెండు స్ట్రోకులతో పని నెరవేర్చు ఇంజనును, 1891లో జోసెఫ్ డే క్రింది క్రాంకుగదినే పంపుగా వాడు ఇంజనును తెచ్చిరి. మన పాత స్కూటర్ల ఇంజనులకు మూలపురుషుడు ఈ జోసెఫ్ డేయే.

లెక్క యొకటి చూచినచో విషయము బోధపడును. గాలిని ఆరవ వంతు స్థలములోనికి మెల్లగా, చల్లబడుటకు వ్యవధి యిచ్చుచు అదిమినచో దాని పీడనము ఆరు రెట్లగును. వేడి బయటికి పోకుండ తటాలున అదిమినచో, శాస్త్రరీత్యా అది పండ్రెండు రెట్లు దాటును; 27 డిగ్రీల గాలి 340 డిగ్రీల సమీపమునకు కాగును. వాస్తవములో సిలిండరు గోడలు కొంత వేడిని గుంజుకొనును, రింగుల సందులనుండి కొంత గాలి జారిపోవును గనుక ఈ రెంటికి నడుమ ఎక్కడనో ముల్లు నిలుచును. కిక్కును మెల్లగా తొక్కినప్పుడు తక్కువ, బలముగా తొక్కినప్పుడు ఎక్కువ చూపుటకు కారణమిదే. ముసలివాడు తొక్కినప్పటి అంకెను పడుచువాడు తొక్కినప్పటి అంకెతో పోల్చరాదు.

ఇక మన స్కూటర్ల మాట. 1946లో ఇటలీలో వెస్పా పుట్టినది. దానిని రూపొందించిన కొరాదీనో దస్కానియో హెలికాప్టరులు నిర్మించిన ఇంజనీరు. మోటారు సైకిళ్ల మురికి, చెయిను అతనికి నచ్చవట. మరుసటి యేడు మిలానులోని ఇన్నొసెంటి కంపెనీ లాంబ్రెట్టాను తెచ్చినది. మనదేశమున వెస్పా వంశమును బజాజ్ వారు, లాంబ్రెట్టా వంశమును బొంబాయిలోని ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వారు వ్యాప్తిచేసిరి. 1972లో కేంద్రప్రభుత్వ సంస్థ స్కూటర్స్ ఇండియా వారు లాంబ్రెట్టా యంత్రసామగ్రిని కొని లక్నోకు తెప్పించిరి. ఆ సంస్థ ఇంజనుతోనే ఆంధ్రప్రదేశ్ స్కూటర్స్ వారి పుష్పక్ మన రోడ్లపైకి వచ్చినది. స్కూటరునకు పేరు నమోదు చేయించి సంవత్సరముల తరబడి వేచియున్న తరమువారు ఈ సభలో నేటికిని ఉండవచ్చును. అంత వేచి పొందిన బండిని వారు పాడి ఆవువలె సాకిరి. ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము 2007లో బృహత్ హైదరాబాదులో కలిసినది. 2017లో మెట్రో రైలు వచ్చినది. అయినను ఇంటినుండి కార్ఖానా గేటువరకు బండిపై పోవువారు తగ్గలేదు.

ఈ పాత స్కూటర్లన్నియు రెండు స్ట్రోకులవి. 2001లో వచ్చిన హోండా యాక్టివాతో నాలుగు స్ట్రోకుల స్కూటరు ఇంటింటికి చేరినది. పరీక్ష రెంటికి నొకటే. ఫలమును చదువు విధము వేరు. చేతక్ అను పేరు 1972 నుండి రెండు స్ట్రోకుల పెట్రోలు బండిది. 2020లో అదే పేరుతో వచ్చినది విద్యుత్ బండి. దానిలో పిస్టనే లేదు గనుక ఈ ఉపన్యాసముతో దానికి నిమిత్తము లేదు.

గేజి లేకుండ చేయు పరీక్ష తాతలనాటిది, నేటికిని పనికివచ్చునది. ఇగ్నిషను ఆపి, బండిని నడిమి స్టాండుపై నిలిపి, గేరు న్యూట్రలులో నుంచి, కిక్కు కడ్డీని చేతితో మెల్లగా క్రిందికి నొక్కవలెను. ఒకచోట అది గట్టిగా ఎదురు నిలువవలెను. అక్కడ బరువు మోపి ఆపినచో ఆరోగ్యవంతమైన ఇంజను కొంతసేపు నిలుపుకొని, మెల్లగా లొంగును. నిలువక జారిపోయినచో గాలి ఎక్కడనో కారుచున్నదన్నమాట. అప్పుడు చెవి యొగ్గి వినవలెను. నాలుగు స్ట్రోకుల ఇంజనులో బుస్సుమను చప్పుడు సైలెన్సరు వైపున వినవచ్చినచో పొగ వాల్వు, కార్బురేటరు వైపున వినవచ్చినచో పీల్చు వాల్వు, ఇంజను ఆయిలు పోయు మూత తీసిన వినవచ్చినచో రింగులు అనుమానింపదగినవి. తల చుట్టును సబ్బునీరు పూసినచో బుడగలు వచ్చిన చోట గాస్కెట్ పోయినదనవచ్చును. ప్లగ్గు క్రింది వాషరు అరిగిపోయి గాలి కారుటయు కలదు. పదిరూపాయల వాషరునకు ఇంజను విప్పించుకొన్నవారిని చూచి నవ్వుటకంటె జాలిపడుటయే ఉచితము.

కాని చేతి స్పర్శ అంకె చెప్పదు. ఈ యేడు స్పర్శను పై యేటి స్పర్శతో పోల్చుట ఎవరి తరమును కాదు. అందుకే గేజి. ఇది గడియారము వంటి ముఖము, కొనయందు మరలు గల చిన్న పనిముట్టు. రాణీగంజ్ వంటి పనిముట్ల బజారులలో విచారించినచో లభించును. కొనునప్పుడు రెండు సంగతులు చూడవలెను. మొదటిది మర. వెస్పా, లాంబ్రెట్టా తరగతి బండ్ల ప్లగ్గు మర 14 మిల్లీమీటర్లది. యాక్టివా వంటి క్రొత్త బండ్లలో 10 మిల్లీమీటర్లది. రెంటికిని జోడుముక్కలు ఉన్న గేజియే కొనదగినది. 14 మిల్లీమీటర్లలోను పొట్టి కొన, పొడవు కొన యని భేదము కలదు. పొట్టి ప్లగ్గుండవలసిన చోట పొడవు కొన బిగించినచో పిస్టను దానికి తగులవచ్చును. రబ్బరు కొనతో అదిమిపట్టు గేజి చౌక. కాని దానిని పట్టుటకు ఒకరు, తొక్కుటకు ఒకరు కావలెను, పట్టు సడలిన అంకె తప్పును.

రెండవది చాలమంది యెరుగనిది. గేజిలో ఒక చిన్న వెనుదిరుగని వాల్వు ఉండును. అది సైకిలు ట్యూబు వాల్వు వంటిది. లోపలికి వచ్చిన పీడనమును తిరిగి పోనీయదు గనుక ముల్లు పైఅంకెవద్ద నిలిచియుండును. ఆ వాల్వు ఇంజను వైపు కొననే ఉండవలెను. గడియారము వద్ద నున్నచో నడుమనున్న రబ్బరు గొట్టములోని ఖాళీ కూడ ఇంజను గదిలో భాగమైపోవును. కారు ఇంజనునకు అది లెక్కలోనిది కాదు. 100 ఘనసెంటీమీటర్ల స్కూటరులో, తొమ్మిదింటికి ఒకటిగా అదుము ఇంజనైనచో, పైనుండు గది పండ్రెండున్నర ఘనసెంటీమీటర్లు మాత్రమే. దానికి గొట్టములోని నాలుగైదు ఘనసెంటీమీటర్లు చేరినచో ముల్లు ఎంత దిగజారునో ఊహింపవచ్చును. కార్ల గేజితో స్కూటరును పరీక్షించి, "కంప్రెషను చచ్చింది" అని తీర్పు చెప్పుట కుంచముతో బంగారము తూచుట వంటిది.

ఇక చేయు విధము. బండిని ఐదు పది నిముషములు నడిపి వెచ్చచేయవలెను. వెచ్చబడినప్పుడు పిస్టను, రింగులు తమ పనికాలపు కొలతకు వచ్చును. అయితే చేయి కాలునంత వేడిలో ప్లగ్గు విప్పరాదు. అల్యూమినియము తలలోని మర ఊడివచ్చు ప్రమాదము కలదు. కొంచెము చల్లారనిచ్చి, ప్లగ్గు చుట్టునున్న దుమ్మును ఊది తుడిచి, అప్పుడు విప్పవలెను. ఉప్పల్ రోడ్ల ధూళి ఒక చిటికెడు లోపల పడినచో పరీక్షకు వచ్చినవాడు నిజముగనే బోరింగు చేయించుకొనవలసి వచ్చును! విప్పిన ప్లగ్గు రంగును కూడ చూచుట మంచిది: ఇటుకరాయి వన్నె మేలు, తడి నలుపు ఆయిలునో, అధికమైన పెట్రోలునో తెలుపును.

పెట్రోలు ట్యాపు కట్టివేయవలెను. విప్పిన ప్లగ్గును దాని టోపీకి తగిలించి, లోహభాగము ఇంజను లోహమునకు తగులునట్లు, రంధ్రమునకు దూరముగా ఉంచవలెను. వైరును గాలిలో వ్రేలాడనిచ్చినచో ఎలక్ట్రానిక్ ఇగ్నిషను గల బండ్లలో కాయిలునకు, సీడీఐ పెట్టెకు హాని కలుగవచ్చును. అంతకు మించి, తొక్కినప్పుడెల్ల రంధ్రమునుండి పెట్రోలు తుంపర వెడలును. నిప్పురవ్వ దగ్గర నుండినచో అంటుకొనును. ఇగ్నిషను ఆపి, కిక్కుతోనే చేయుట క్షేమము. బీడీ, సిగరెట్టు, అగరువత్తి, పిల్లలు, అన్నియు దూరముగ నుండవలెను. రంధ్రములోనికి ముఖము వంచి చూడరాదు. 2020 తరువాత వచ్చిన ఇంజెక్షను బండ్లలో పెట్రోలు పంపును కూడ ఆపవలసి యుండును గనుక కంపెనీ పుస్తకము చూడక చేయి పెట్టరాదు.

గేజిని చేతివ్రేళ్లతోనే మర ఎక్కించవలెను, పానాతో కాదు. యాక్సిలరేటరును పూర్తిగా త్రిప్పి పట్టుకొనవలెను. దీనినే పలువురు మరచెదరు. కార్బురేటరు నోరు మూసియున్నచో ఇంజను పీల్చుటకే గాలి యుండదు, ఇక అదుమునది దేనిని? చోకు లాగియుండరాదు. ఆపైన ముల్లు మరి పైకి పోనంతవరకు, సుమారు ఐదు మొదలు పదిసార్లు, బలముగా తొక్కవలెను. మొదటి తొక్కుడుకు ఎంత లేచినదో, కడపట ఎంతకు నిలిచినదో రెండును వ్రాసికొనవలెను. రెండుమూడుసార్లు చేసి అంకెలు దగ్గరగా వచ్చినవో లేదో చూచినగాని నమ్మరాదు.

గేజిపై అంకెలు చదరపు అంగుళమునకు పౌనులలోను, చదరపు సెంటీమీటరునకు కిలోలలోను ఉండును. ఒక కిలో సుమారు 14.2 పౌనులు. రెండు స్ట్రోకుల పాత స్కూటరులో 100 మొదలు 130 పౌనుల వరకు వచ్చినచో సాధారణముగా దిగులు లేదు. 80కి దిగినచో అనుమానింపవలెను. నాలుగు స్ట్రోకులవి 150 పౌనులకు పైబడి చూపుట మామూలు. ఇవి స్థూలమైన అంకెలు; ఆయా బండి పుస్తకములోని అంకెయే ప్రమాణము. కొన్ని నాలుగు స్ట్రోకుల బండ్లలో తేలికగా స్టార్టగుటకై వాల్వును కొంచెమెత్తి పట్టు ఏర్పాటు కలదు; వానిలో మంచి ఇంజనే తక్కువ చూపును. అంకె మరీ ఎక్కువైనను మంచిది కాదు. పిస్టను నెత్తిన, తలలోపల మసి పేరుకొని గది ఇరుకైనదని దాని అర్థము.

ఇచ్చట ఊరి యెత్తు కూడ లెక్కకు వచ్చును. హైదరాబాదు నగరము సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైన నున్నది. సముద్రతీరమున కంటె ఇచ్చటి వాయుపీడనము నూటికి ఆరువంతుల ప్రాంతము తక్కువ. పీల్చు గాలియే పలుచన గనుక అదిమిన గాలియు ఆ మేరకు పలుచన. మచిలీపట్నమున 120 చూపిన బండి ఉప్పల్‌కు వచ్చినచో ఏ లోపము లేకయే 113 ప్రాంతమున నిలుచును. పుస్తకములోని అంకెకు ఏడెనిమిది తగ్గినదని నిద్ర పాడుచేసికొన నవసరము లేదు.

ముల్లు నడక అంకెకంటె ఎక్కువ చెప్పును. మంచి ఇంజనులో మొదటి తొక్కుడుకే ముల్లు చాలదూరము లేచి, రెండుమూడింటిలో నిలుకడకు వచ్చును. రింగులు అరిగినచో మొదట తక్కువ లేచి, తొక్కినకొలది కొంచెము కొంచెముగ ప్రాకును. వాల్వు కారుచున్నచో మొదటను తక్కువే, తరువాతను ఆ తక్కువవద్దనే మొరాయించును. నిశ్చయము కొరకు ప్లగ్గు రంధ్రమున ఒక టీచెంచాడు ఇంజను ఆయిలు పోసి, రెండుసార్లు ఊరక తొక్కి, తిరిగి కొలువవలెను. ఆయిలు రింగుల సందులను తాత్కాలికముగ పూడ్చును. అంకె గణనీయముగ లేచినచో దోషము రింగులది, సిలిండరుది. కదలకపోయినచో దోషము పైన, వాల్వులవద్దనో గాస్కెట్ వద్దనో ఉన్నది. ఆయిలు ఎక్కువ పోయరాదు. గది ఇరుకై అంకె అబద్ధమాడును.

ఇప్పుడు ఈ ఉపన్యాసమునకు ప్రాణమువంటి సంగతి. నాలుగు స్ట్రోకుల స్కూటరులో కంప్రెషను తక్కువ చూపినంతమాత్రమున ఇంజను పోయినదనుట తొందరపాటు. వాల్వునకు, దానిని నొక్కు రాకరునకు నడుమ మిల్లీమీటరులో పదవవంతునకు కొంచెము అటునిటుగ సందు ఉండవలెను. దీనినే టాపెట్ క్లియరెన్సు అందురు. వేలకొలది కిలోమీటర్లు తిరిగినకొలది వాల్వు తన పీటలో కొద్దికొద్దిగ దిగబడును; ఆ సందు తగ్గును; ఒకనాటికి బొత్తిగ లేకపోవును. అప్పుడు వాల్వు పూర్తిగ మూతపడదు. గాలి కారును, ముల్లు దిగును, వేడెక్కినకొలది బండి రొప్పును, ఆగినచో మరల అందుకొనదు. ఈ లక్షణములన్నియు ఇంజను పోయినదాని లక్షణములవలెనే యుండును. మందు మాత్రము వేరు: ఇంజను బాగుగ చల్లారిన తరువాత సందుగేజితో కొలిచి, మరను కొంచెము త్రిప్పి బిగించుట. దానికి పట్టునది ఒక పూట కాదు, ఒక గంట. అది చేసి, తిరిగి కంప్రెషను చూచి, అంకె లేవకున్న అప్పుడు ఇంజను విప్పు మాట తలపెట్టవలెను. ఈ క్రమము తలక్రిందులైనందుననే ఎన్నియో ఇండ్ల సొమ్ము వృథాగ పోవుచున్నది. అయితే సందు చాలకాలము లేకుండ నడిపినచో మంటకు వాల్వు అంచు కాలిపోవును. అప్పుడు మర త్రిప్పి ప్రయోజనము లేదు. ఆలస్యము కూడ ఖర్చే.

రెండు స్ట్రోకుల బండిలో వాల్వులు లేవు గనుక ఈ చిక్కు లేదు. దాని చిక్కులు దానికి కలవు. దాని పిస్టను పైన అదుమును, క్రింద క్రాంకుగదిలో పీల్చును. మన గేజి పైగది సంగతి మాత్రమే చెప్పును. క్రాంకు ఇరుప్రక్కల ఆయిల్ సీళ్లు కలవు. ఫ్లైవీలు వైపు సీలు పోయినచో దొంగగాలి లోపలికి చేరి, పెట్రోలు పలుచనై, యాక్సిలరేటరు వదలినను ఇంజను పిచ్చిగ అరచును. క్లచ్చి వైపు సీలు పోయినచో గేరుపెట్టె ఆయిలు లోపలికి పోయి మండి, తెల్లని పొగ దట్టముగ వచ్చును. గేరు ఆయిలు తరిగిపోవును. ఈ రెండు సందర్భములలోను గేజి 120 చూపుచునే యుండవచ్చును. అట్లే సైలెన్సరు మసితో పూడుకొన్నను పికప్ పోవును, కంప్రెషను పోదు. కనుక అంకె బాగున్నదన్న మాటకు ఇంజనులో ఏ లోపము లేదని అర్థము కాదు. రింగులకొరకు, బోరింగుకొరకు డబ్బు పెట్టనక్కరలేదని మాత్రమే అర్థము. పెట్రోలులో లీటరునకు 20 మిల్లీలీటర్ల ఆయిలు కలుపవలసిన బండికి పొదుపు చేసి పది కలిపినవారు, కిరోసిను కల్తీ పెట్రోలు చౌకయని పోయించుకొన్నవారు మాత్రము గేజి చూడకపోయినను ఫలితమును ఊహించుకొనవచ్చును.

బోరింగును గూర్చి ఇంత హెచ్చరిక యెందులకనగా, సిలిండరు తరుగునదే కాని పెరుగునది కాదు. అరిగిన గోడను గుండ్రముగ తొలిచి, పావు మిల్లీమీటరు పెద్దదైన పిస్టను వేయుదురు. తరువాత అర, ముప్పావు, ఒకటి. నాలుగు మెట్లతో చాలవరకు ఆట ముగియును. అవసరము లేక చేయించిన ప్రతి బోరింగు ఆ నాలుగు మెట్లలో ఒకదానిని మ్రింగివేయును. పరీక్షలో రింగులే దోషమని తేలినను వెంటనే బోరింగునకు ఒప్పుకొనరాదు. సిలిండరు గోడపై గీతలున్నవా, రింగును సిలిండరులో వంకర లేక సమముగ అమర్చి దాని కొనల నడుమ సందు కొలిచిన ఎంత వచ్చినది, సిలిండరు గుండ్రము తప్పినదా అని చూడుమని అడుగవలెను. గోడ చక్కగ నుండి సందు మాత్రమే పెరిగియున్నచో అదే కొలత క్రొత్త రింగులతో పని గడచుటయు కలదు. విప్పిన పాత సామానులు ఇంటికి తెచ్చుకొనుట యజమాని హక్కు.

మెకానిక్కులను నిందించుటకై ఈ మాటలు చెప్పబడుట లేదు. పదునాలుగవ యేట పానా పట్టి, చప్పుడు విని రోగము చెప్పగల నేర్పరులు ఈ ప్రాంతమున కలరు. వారి చెవి ముందు గేజి ఒక్కొక్కప్పుడు చిన్నబోవును. కాని వారి దుకాణము ముందర ఇరువది బండ్లు నిలిచియుండును. "సాయంత్రానికి కావలె భాయ్" అని ప్రతివాడును తొందరపెట్టును. అరగంట పరీక్షకు ఎవరును పైస ఇయ్యరు. ఇంజను విప్పినచో ఇత్తురు. కొలుచుటకు కూలి లేనిచోట కొలత యుండదు. పరీక్షకు తగు రుసుము ఇచ్చెద నని ముందుగనే చెప్పి, అంకెను తన కన్నులతో చూచిన వినియోగదారునికి సామాన్యముగ మర్యాదయే లభించును. ఇంటివద్ద తాను తీసిన అంకెల కాగితము వెంట తీసికొనిపోయినచో మాట మరింత సూటిగ సాగును.

ఆ కాగితమును గూర్చి ఒక మాట. ఒక్కనాటి అంకె సగము సాక్ష్యమే. బండి ఆరోగ్యముగ నున్నప్పుడు ఒకసారి కొలిచి, తేదీ, కిలోమీటర్లు, మొదటి తొక్కుడు అంకె, చివరి అంకె, తొక్కినవారు, గేజి యేది అను వివరములతో బండి కాగితముల సంచిలో దాచుకొనవలెను. ఏటికి రెండుసార్లు అదే గేజితో, అదే మనిషి తొక్కి వ్రాసినచో చాలును. 118, 117, 115 అని దిగుట వయసు. 115 నుండి ఒక్కసారిగ 85కు పడుట రోగము.

గేజి యొకటి ప్రతి ఇంట ఉండవలెనా యన్న నుండనక్కరలేదు. ఏటికి రెండుసార్లు వాడు పనిముట్టును ప్రతివాడును కొనుట దండుగ. రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము బీరువాలో నిఘంటువు ప్రక్క ఒక గేజిని, టాపెట్ సందుగేజిని, 10, 14 మిల్లీమీటర్ల జోడుముక్కలను, రెండు మూడు జాతుల బండ్ల మరమ్మతు పుస్తకములను ఉంచవచ్చును. పుస్తకమునకు వలెనే చందాదారునకు మూడు దినముల గడువున ఎరువిచ్చి, పుస్తకములో సంతకము తీసికొనవచ్చును. తిరిగి వచ్చినప్పుడు గ్రంథాలయాధికారి చూడవలసినవి రెండే: కొననున్న రబ్బరు వాషరు చిరగలేదు గదా, ముల్లు సున్నకు వచ్చినది గదా. వాషరులు అరడజను అదనముగ కొనియుంచుట మంచిది. మొదట పోవునవి అవియే.